సీసాలో దొరికే నిద్ర

పని ఒత్తిడి అనగానే అద్దాల మేడలు, ల్యాప్‌టాప్‌లు గుర్తొస్తాయి. కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డి చుట్టుపక్కల మగవాళ్లను కుంగదీసే పని వడ్లకుప్ప దగ్గర ఉంది, బస్సు స్టీరింగ్ ముందు ఉంది, సముద్రం అవతల క్యాంపు గదిలో ఉంది. దానికి వాళ్లు వెతుక్కున్న మందు మాత్రం ఊళ్లోనే దొరుకుతోంది.

గాబరా తగ్గడానికి, నిద్ర పట్టడానికి డాక్టర్లు రాసే మందుల్లో అల్ప్రాజోలం ఒకటి. చీటీ లేనిదే అమ్మకూడదు. చీటీ ఉన్నా కొద్ది వారాలకు మించి వాడొద్దని మానసిక వైద్యులే చెబుతారు, అలవాటుగా మారే గుణం దానికి ఎక్కువ కాబట్టి. ఉమ్మడి నిజామాబాద్ జిల్లా పల్లెల్లోకి ఈ మందు మానసిక వైద్యుడి కంటే ముందే వచ్చేసింది. వచ్చిన దారి కల్లు దుకాణం.

ఊరి చుట్టూ ఉన్న ఈత, తాటి చెట్లు ఎన్ని, అవి దించే కల్లు ఎంత, దుకాణంలో రోజూ ఖాళీ అయ్యే సీసాలు ఎన్ని అని లెక్క వేస్తే చాలాచోట్ల పొంతన కుదరదు. గీత కార్మికుడికి ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు. కానీ చెట్టెక్కేవాడి చేతిలో దుకాణం ఉండదు, దాన్ని నడిపే కాంట్రాక్టరు, అంటే ముస్తేదారు చేతిలో ఉంటుంది. తక్కువ పడిన కల్లు స్థానంలో నీళ్లు, తీపి, మత్తు చేరతాయి. అల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్ అనే మూడు పేర్లు ఇక్కడి ఎక్సైజ్ కేసుల్లో మళ్లీ మళ్లీ కనిపించేవే.

2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు మొదలుపెట్టింది. ఆ వెంటనే నిజామాబాద్, మెదక్ జిల్లాల ఆసుపత్రులకు జనం క్యూ కట్టారు. చేతులు వణుకుతున్నవాళ్లు, ఫిట్స్ వచ్చినవాళ్లు, లేని మనుషులు కనబడి కేకలు వేసేవాళ్లు. వాళ్లను మంచం పట్టించింది ఆ రోజు దొరకని కల్లు. ఏళ్లుగా ఒంట్లోకి వెళ్తున్న మత్తుమందు ఒక్కసారిగా ఆగిపోతే మెదడు తిరగబడుతుంది. పదేళ్ల తర్వాత, 2025 ఏప్రిల్‌లో, ఇదే కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో అదే కథ తిరగబడి వచ్చింది. ఈసారి కల్లు తాగినవాళ్లు 50 మందికి పైగా మెడ బిగుసుకుపోయి, వింతగా ప్రవర్తిస్తుంటే ఆసుపత్రులకు తరలించారు.

పత్రికల్లో ఈ రెండూ ఎక్సైజ్ వార్తలుగానే వచ్చాయి. దాడులు, శాంపిళ్లు, కేసులు. అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి మిగిలిపోయిందని నాకు అనిపిస్తుంది. పొలంలో, రోడ్డు మీద, మిల్లులో పగలంతా ఒళ్లు వంచిన మనిషి సాయంత్రానికి నిద్రమందు కలిసిన సీసాకే ఎందుకు అలవాటు పడ్డాడు? రుచే కావాలంటే పొద్దున్నే చెట్టు కిందికే పోయేవాడు కదా. కల్తీ కల్లు ఆడవాళ్లూ తాగుతారు. బీడీలు చుట్టే చేతుల కథ, మగదిక్కు గల్ఫ్‌లో ఉన్న ఇంటి కథ వేరే రాయాల్సినంత ఉంది. ఈ కథనం మగవాళ్లది. ‘తాగుబోతోడు’ అనే ఒక్క మాటతో ఊరు మూసేసిన ఫైలును ఒకసారి తెరిచి చూడటం దీని పని.

పగ్గాలు ఒకరివి, నడిపేది ఒకరు

పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకే టెన్షన్ ఎక్కువని మనకో నమ్మకం. 1967లో లండన్‌లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం దాన్ని తలకిందులు చేసింది. బ్రిటన్ ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసే వేలాది మగ ఉద్యోగులను ఏళ్ల తరబడి గమనిస్తే, గుండెజబ్బుతో ఎక్కువగా చనిపోయింది పై అధికారులు కాదు, అట్టడుగు మెట్టు మీదివాళ్లు. సిగరెట్లు, రక్తపోటు లాంటివి లెక్కలోంచి తీసేసి చూసినా ఆ తేడా పూర్తిగా పోలేదు. 1979లో రాబర్ట్ కరాసెక్ అనే అమెరికన్ పరిశోధకుడు దీనికో వివరణ ఇచ్చాడు. పని ఎక్కువైనంత మాత్రాన మనిషి కుంగిపోడట. పని ఎక్కువగా ఉండి, దాన్ని ఎలా చేయాలో, ఎప్పుడు ఆపాలో తేల్చుకునే హక్కు తనకు లేనప్పుడు కుంగిపోతాడు.

కామారెడ్డి, బాన్సువాడ రోడ్ల మీద తిరిగే ఆర్టీసీ డ్రైవర్‌కు ఈ మాట ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. బస్సు కదలాల్సిన నిమిషం చార్టులో ఉంటుంది. లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు తీయాలో కేఎంపీఎల్ లెక్క చెబుతుంది. రోడ్డు మీద గుంతలు, కోతల కాలంలో సగం తారు మీద ఆరబోసిన వడ్లు, మలుపులో ఎదురొచ్చే హార్వెస్టర్ ఏ చార్టులోనూ ఉండవు. కండక్టర్ లేని టిమ్ సర్వీసు అయితే టికెట్ కొట్టేదీ ఆయనే. మనుషులు చాలనప్పుడు డబుల్ డ్యూటీ. ఏదైనా జరిగితే మొదటి సంజాయిషీ కూడా ఆయనదే.

కండక్టర్ కష్టం 2023 డిసెంబరు 9 తర్వాత మరో రూపం తీసుకుంది. ఆ రోజు మొదలైన మహాలక్ష్మి పథకం లక్షలాది ఆడవాళ్ల చేతికి ప్రయాణాన్ని ఇచ్చింది, అది చిన్న సంగతి కాదు. కానీ పెరిగిన జనానికి తగినట్టు బస్సులూ మనుషులూ అదే వేగంతో పెరగలేదు. కిటకిటలాడే బస్సులో ప్రతి ఒక్కరి ఆధార్ చూడాలి, జీరో టికెట్ కొట్టాలి, సీటు దొరకని మగ ప్రయాణికుడి వెటకారం వినాలి, ఆపని స్టేజీ దగ్గర తిట్లు తినాలి. పథకం పెట్టినవాళ్లు ఎక్కడో ఉంటారు. జనానికి ఎదురుగా కనిపించే ప్రభుత్వం ఖాకీ చొక్కాలో ఉన్న ఆ ఒక్కడే.

1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్ బస్సు సిబ్బంది మీద చేసిన పరిశోధన వైద్య చరిత్రలో పేరున్నది. రెండంతస్తుల బస్సులో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే, కూర్చుని ఉండే డ్రైవర్లకు గుండెజబ్బులు ఎక్కువని తేలింది. వ్యాయామం మంచిదనడానికి దాన్ని ఇప్పటికీ ఉదాహరణగా చూపిస్తారు. ఆ సీటులో కూర్చున్నవాడి నెత్తిమీద ఉన్న భారం సంగతి మాత్రం అంతగా చర్చకు రాదు.

ఇక 2019. అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీలో సమ్మె మొదలైంది. దాదాపు 48 వేల మంది కార్మికులు. గడువులోగా డ్యూటీకి రానివాళ్లు తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నట్టేనని ప్రభుత్వం ప్రకటించింది. సెప్టెంబరు జీతం అందలేదు. దసరా పోయింది, దీపావళి పోయింది. 52 రోజుల తర్వాత నవంబరు 25న సమ్మె విరమించినా వెంటనే డిపో గేటు తెరుచుకోలేదు. ఆ రెండు నెలల్లో గుండెపోట్లు, ఆత్మహత్యలు రోజూ చదవాల్సిన వార్తలయ్యాయి. జీతం ఆగడం ఒక దెబ్బ. ఊళ్లో ‘కండక్టర్ సాబ్’ అనిపించుకున్న మనిషి ఒక్క ప్రకటనతో ఏమీ కాకుండా పోవడం రెండో దెబ్బ, దానికి లెక్క కట్టే పద్దు ఏ కార్మిక శాఖ దగ్గరా లేదు. చదువుకుని, పరీక్ష రాసి, 2019లో జూనియర్ పంచాయతీ కార్యదర్శులుగా చేరిన కుర్రాళ్లు, అమ్మాయిలు కూడా నాలుగేళ్లు అదే గాల్లో దీపం బతుకు బతికారు. నర్సరీ నుంచి వైకుంఠధామం దాకా ఊళ్లో ఏది ఆగినా నోటీసు వాళ్లకే. రెగ్యులర్ చేయాలని 2023 ఏప్రిల్ చివర్లో వాళ్లూ సమ్మెకు దిగాల్సి వచ్చింది.

వడ్లకుప్ప కావలి

సేద్యాన్ని ‘పని ఒత్తిడి’ లెక్కలో వేయడం మనకు అలవాటు లేదు. రైతుకు బాస్ లేడు, ఆఫీసు లేదు, తనకు తానే రాజు అని పాఠ్యపుస్తకాలు చెప్పాయి. ఆ రాజు విత్తనం ధర చెప్పలేడు, ఎరువు ఎప్పుడొస్తుందో చెప్పలేడు, పండిన వడ్లు ఏ రోజు తూకం వేస్తారో అసలే చెప్పలేడు.

2021 నవంబరులో లింగంపేట మండలం ఐలాపూర్ రైతు ఒకరు కొనుగోలు కేంద్రంలో తన వడ్లకుప్ప మీదే ప్రాణం విడిచారు. కోసిన వడ్లు తెచ్చి పోసి, వంతు కోసం రోజుల తరబడి కావలి కాస్తున్న మనిషి. ఆ వానాకాలం ఉప్పుడు బియ్యం కొనే విషయంలో కేంద్రానికీ రాష్ట్రానికీ పేచీ నడుస్తోంది. ఢిల్లీలో ఒక మాట, హైదరాబాద్‌లో ఒక మాట, లింగంపేటలో కుప్ప. మరణం మీద రెండు రోజులు రాజకీయం నడిచి, ఆ తర్వాత అందరూ మరిచిపోయారు. ఆయన గుండె ఎందుకు ఆగిందో వైద్యపరంగా నేను చెప్పలేను. ఆ కావలి ఎలాంటిదో మాత్రం ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు.

వడ్లలో తేమ 17 శాతం దాటకూడదు. మిషన్‌లో పంతొమ్మిది చూపిస్తే మళ్లీ ఆరబోయాలి. ఆరబోసిన రోజు మబ్బు పడుతుంది. పరదాలు కిరాయికి తేవాలి. తేమ కుదిరితే గన్నీ సంచులు ఉండవు, సంచులు వస్తే హమాలీలు దొరకరు, హమాలీలు దొరికితే లారీ రాదు. లారీ మిల్లుకు చేరాక తరుగు పేరుతో బస్తాకు ఇన్ని కిలోలని కోత పెడతారు, అక్కడ వాదించడానికి రైతు ఉండడు. పంట పండించడం కంటే అమ్ముకోవడం కష్టమైన ఈ నెల రోజుల్లో నిద్ర లేదు, వేళకు తిండి లేదు, చేతిలో ఏ నిర్ణయమూ లేదు. పక్కన ఫర్టిలైజర్ షాపు బాకీ, మిత్తి. జర్మనీలో పనిచేసిన శాస్త్రవేత్త యోహానెస్ సీగ్రిస్ట్ 1996లో చెప్పిన సూత్రం ఇక్కడ అక్షరాలా అతుకుతుంది: పెట్టిన కష్టానికీ దక్కిన ఫలానికీ (డబ్బే కాదు, గౌరవం, భరోసా కూడా) ఎడం పెరిగేకొద్దీ ఒంట్లో ఒత్తిడి రోగంగా మారుతుంది.

2025 ఆగస్టు చివరి వారం వానలను ఈ జిల్లా మరిచిపోలేదు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్కరోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. పోచారం డ్యాం పొంగి దూకుతుంటే, నిజాం కాలంలో కట్టిన ఆ కట్ట నిలుస్తుందా లేదా అని కింది ఊళ్లు రాత్రంతా మేలుకున్నాయి. వరద తీసిన తర్వాత పొలాల్లో మిగిలిన ఇసుకమేటలను అధికారులు ఎకరాల్లో లెక్క కట్టగలిగారు. కౌలుకు చేసినవాడి నష్టం ఆ లెక్కలోకీ సరిగా ఎక్కదు. పట్టా పాసుపుస్తకం ఆయన పేరు మీద ఉండదు కాబట్టి రైతు బీమా కూడా వర్తించదు.

రెండు ఇళ్ల డ్యూటీ

ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట, నాగిరెడ్డిపేట మండలాల్లో ఏ గల్లీకి వెళ్లినా గల్ఫ్ ముచ్చట లేని ఇల్లు వెతకాలి. తండ్రి పోయి వచ్చాడు, కొడుకు పోయి ఉన్నాడు, తమ్ముడి కోసం వీసా చూస్తున్నారు. బయలుదేరడమే అప్పుతో. ఏజెంటుకు కట్టిన సొమ్ము నూటికి రెండు, మూడు రూపాయల మిత్తికి తెచ్చింది. విమానం ఎక్కిన రోజునుంచే నెల నెలా పెరుగుతుంది, అక్కడ జీతం మొదలైనా కాకున్నా.

అక్కడికి చేరాక చెప్పిన పని వేరు, చేతికిచ్చిన పని వేరు కావడం పాత కథ. కంపెనీ వీసా అయితే క్యాంపు, పార, షట్టరింగ్. ఆజాద్ వీసా అయితే రోజూ పని వెతుక్కోవాలి, వీసా ఇచ్చిన కఫీల్‌కు ఏటా కట్టాలి. గతిలేక పారిపోయి బయట పనిచేస్తే ఖల్లివెల్లి. ఇక పోలీసు కనబడినప్పుడల్లా గుండె జారుతుంది. జబ్బు చేసినా ఆసుపత్రికి పోలేడు, తండ్రి పోయినా ఊరికి రాలేడు, ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ఎప్పుడు పెడతారా అని ఎదురుచూడాలి. యూఏఈ చివరిసారి పెద్ద ఎత్తున అలాంటి అవకాశం ఇచ్చింది 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా. చట్టాలు కొంత మారాయి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం బయట పని చేయించకూడదన్న నిబంధన గల్ఫ్ దేశాల్లో ఉంది. ఖతార్ 2020లో, సౌదీ 2021లో యజమాని మారడానికి కొంత వెసులుబాటు ఇచ్చాయి. కాగితం మీది మార్పు క్యాంపు గదికి చేరడానికి సమయం పడుతుంది.

ఎండ, చాకిరీ గురించి వలస వెళ్లినవాళ్లు వాళ్లంతట వాళ్లే చెబుతారు. చెప్పనిది ఇంకొకటి. ఒకప్పుడు ఉత్తరం వచ్చేసరికి పది, పదిహేను రోజులయ్యేది. మంచో చెడో, ఊరి కబురు చల్లారి అందేది. ఇప్పుడు ఇమో యాప్‌లో వీడియో కాల్. బోరు మోటారు కాలిన సంగతి కాలిన గంటలో తెలుస్తుంది. పాప ఫీజు, తల్లి షుగర్, గెట్టు పంచాయితీ, బామ్మర్ది పెళ్లికి పెట్టుబోతలు అన్నీ పన్నెండు గంటల డ్యూటీ దిగి బూట్లు విప్పకముందే ఎదురుగా ఉంటాయి. ఏదీ తన చేతిలో లేదు, అన్నిటికీ తనే దిక్కు. ఆ చిన్న తెరలో కనిపించే భార్యకు మొహంలో అలసట కనబడకూడదు. ‘మంచిగనే ఉన్న, నువ్వు ఫికర్ చేయకు’ అనడం రెండో డ్యూటీ. ఒకే గదిలో ఎనిమిది, పదిమంది. పక్కమంచం మీదివాడు వినకుండా ఏడవడానికి కూడా జాగా లేదు.

తిరిగొచ్చినవాడి కష్టం ఇంకో రకం. ఉత్తచేతుల్తో వచ్చినవాణ్ని ఊరు అడిగే మొదటి ప్రశ్న ‘మల్ల ఎప్పుడు పోతవ్?’ పైసలు తెచ్చినవాడికీ ఇల్లు పాతబడి ఉంటుంది. పిల్లలు మొహమాటపడతారు, భార్య అతను లేకుండానే సంసారం నడపడం నేర్చుకుంది. ఇంటి పెద్దగా వెళ్లి చుట్టంగా తిరిగొస్తాడు. ఇట్లాంటి మనిషి సాయంత్రం ఎక్కడ కూర్చుంటాడో మొదట్లోనే చెప్పుకున్నాం.

చనిపోయినవాడికి పథకాలు ఉన్నాయి. విదేశాలకు వెళ్లే కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ప్రవాసీ భారతీయ బీమా ప్రమాదంలో మరణిస్తే 10 లక్షలు ఇస్తుంది. నిద్రలో గుండె ఆగితే మాత్రం అది వర్తించదు. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల చొప్పున ఇవ్వడానికి రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది. 2018 నుంచి రైతు బీమా 5 లక్షలు. ఇవన్నీ కావాల్సినవే, ఆ ఇళ్లలో మిగిలిన ఆడవాళ్లకు అవే దిక్కు. బతికున్నప్పుడు ఆ మనిషి ఎట్లా నిద్రపోతున్నాడని అడిగే పద్దు మాత్రం వీటిలో ఎక్కడా లేదు.

ఏ గడిలో రాయాలి?

జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 లెక్కల ప్రకారం దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్లు 1,70,924 మంది. వాళ్లలో మగవాళ్లు 1,22,724. పదిమందిలో ఏడుగురు. మొత్తంలో నాలుగో వంతుకు పైగా రోజుకూలీలు. తెలంగాణలో ఆ ఏడాది 9,980 మంది.

కారణాల పట్టిక చూస్తే ‘కుటుంబ సమస్యలు’ మొదటి స్థానంలో ఉంటాయి, దాదాపు మూడో వంతు. వృత్తి, ఉద్యోగ సమస్యల గడిలో రెండు శాతం కూడా ఉండదు. దీన్నిబట్టి పనికీ ప్రాణానికీ సంబంధం లేదనుకుంటే మోసపోతాం. పంచనామా రాసే పోలీసు ఏదో ఒక గడిలోనే టిక్కు పెట్టాలి. ఏజెంటు అప్పు తీరక, జీతం రాక, ఇంటికి పంపలేక, ఫోన్లో భార్యతో మాటామాటా పెరిగిన మనిషిది కుటుంబ సమస్యా, అప్పు సమస్యా, ఉద్యోగ సమస్యా? వడ్లు అమ్ముడుపోక మిత్తి పెరిగి, తాగి, ఇంట్లో గొడవపడినవాడిది? గడి ఒకటే, ముడి మాత్రం చాలా దారాలది.

ఎక్కువ గంటల పని చంపే తీరు మరోలా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించిన అంచనా ప్రకారం, వారానికి 55 గంటలు, ఆపైన పని చేయడం వల్ల వచ్చిన పక్షవాతం, గుండెజబ్బులతో 2016లో ప్రపంచంలో 7,45,000 మంది మరణించారు. నూటికి డెబ్భై రెండు మంది మగవాళ్లే. క్యాంపులో రోజుకు పన్నెండు గంటల చొప్పున ఆరు రోజులంటే వారానికి 72.

గ్యాస్ అయినట్టుంది

‘ఏమైందయ్యా, అట్ల కూసున్నవ్?’

‘ఏం గాలె. జర గ్యాస్ అయినట్టుంది.’

ఈ రెండు మాటలు వినిపించని ఇల్లు ఉండదు. మనసు బాలేదని మగవాడు చెప్పడు, ఒళ్లు చెబుతుంది. ఛాతీలో బరువు, మెడ పట్టేయడం, గుండెదడ, అరగకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే ఒక సూది, ఒక గ్లూకోజ్ సీసా, గ్యాస్ గోళీ. రెండు రోజులు బాగుంటుంది. తర్వాత కామారెడ్డిలో ఈసీజీ, హైదరాబాద్‌లో స్కానింగ్. అన్నీ నార్మల్ అని తేలాక ఇంట్లోవాళ్లకు కొత్త అనుమానం, ఎవరో ఏదో చేయించారని. అక్కడి నుంచి దర్గా, మంత్రం, తాయెత్తు. ఇంత తిరిగినవాడు మానసిక వైద్యుడి గుమ్మం మాత్రం ఎక్కడు. ఎక్కితే హైదరాబాద్ మానసిక ఆసుపత్రి పేరు మీద ‘ఎర్రగడ్డ కేసు’ అంటారని భయం. పెళ్లి కావాల్సిన బిడ్డ ఉంటే ఆ భయం రెండింతలు.

కుంగుబాటు మగవాళ్లలో ఏడుపుగా కాకుండా చిరాకుగా, కోపంగా, తాగుడుగా బయటపడటం ఎక్కువ. దెబ్బలు తినేది ఇంట్లో ఆడది. ఇక్కడ ఒక మాట కచ్చితంగా అనుకోవాలి. మనసు బాగోలేకపోవడం ఆమెను కొట్టడానికి సాకు కాదు. అప్పులు, ఒత్తిడి ఆమెకూ ఉన్నాయి, సంఘం కిస్తీ కట్టేది ఆమే, ఆమె ఎవర్నీ కొట్టడం లేదు. కానీ వాణ్ని తిట్టి ఊరుకుంటే ఆ ఇంట్లో ఏదీ మారదని కూడా ఆమెకే బాగా తెలుసు.

ఇంకో చిత్రం. ఎల్లారెడ్డికి పొరుగునే ఉన్న మెదక్ మానసిక ఆరోగ్యం విషయంలో ఒకప్పుడు దేశం మొత్తం మీద ముందు వరుసలో నిలిచిన జిల్లా. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని దేశంలో నాలుగు జిల్లాల్లో మొదలుపెడితే వాటిలో మెదక్ ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరే మామూలు మానసిక జబ్బులు గుర్తించి మందివ్వాలన్నది అప్పటి ఆలోచన. ముప్పై ఏళ్లు కావస్తోంది. ఆలోచన ఇప్పటికీ మంచిదే. ఇన్నేళ్లలో ఆ పక్క ఊళ్లకే చేరిన మత్తు సీసాలు ఎన్ని, డాక్టర్ చీటీలు ఎన్ని అన్నది ఎవరైనా పరిశోధన చేయాల్సిన విషయం.

ఇప్పుడు దారులు కొన్ని పెరిగాయి. కామారెడ్డిలో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ప్రారంభమైంది. మెడికల్ కాలేజీ అన్నాక మానసిక వైద్య విభాగం ఉండాల్సిందే కాబట్టి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. ఓపీ చీటీ రాయించుకునే వరసలో గుండె నొప్పివాళ్లు, కాలు నొప్పివాళ్లు అందరూ ఉంటారు, ఎవరు దేనికి వచ్చారో ఎవరికీ తెలియదు. ఆ మాత్రం మరుగు చాలామందికి చాలు. ఫోన్లోనే మాట్లాడాలనుకుంటే 14416. టెలీ మానస్ పేరుతో 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవ ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. దుబాయ్‌లో ఉన్నవాళ్లకు భారత కాన్సులేట్ ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, టోల్‌ఫ్రీ నంబరు 800 46342. జీతం పేచీకి చేసినట్టే మనసు బాగోలేదనీ చేయొచ్చు.

కల్తీ కల్లు ఏళ్లుగా తాగుతున్నవాళ్లు ‘రేపటి నుంచి బంద్’ అని ఒట్టు పెట్టుకుని ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. 2015లో జరిగింది అదే. డాక్టర్‌కు ఉన్నది ఉన్నట్టు చెబితే మోతాదు మెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు. ప్రాణం తీసుకోబోయి బతికిన మనిషిని పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లకుండా దాచే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, శిక్షించకూడదు, వైద్యం అందించడం ప్రభుత్వ బాధ్యత.

రెండు ప్రశ్నలు

కుంగుబాటును పసిగట్టడానికి ప్రపంచమంతా వాడే చిన్న పరీక్షలో ప్రశ్నలు రెండే. గత రెండు వారాల్లో ఏ పని మీదా మనసు పోకుండా ఎన్ని రోజులున్నావు? దిగులుగా, ఇక ఏమీ బాగుపడదన్నట్టుగా ఎన్ని రోజులున్నావు? జవాబును బట్టి డాక్టర్ దగ్గరికి పంపాలా వద్దా తెలుస్తుంది. ఆశా కార్యకర్త అయినా అడగగలదు. చిక్కల్లా ఆమె ఇంటికి వచ్చేసరికి మగవాడు ఇంట్లో ఉండడు. బీపీ, షుగర్ సర్వేల్లో మగవాళ్లు తప్పిపోయేది కూడా అందుకే.

కాబట్టి మగవాళ్లున్న చోటికే ప్రశ్న పోవాలి. ఆర్టీసీ 2022 నవంబరులో గ్రాండ్ హెల్త్ చాలెంజ్ పేరుతో సిబ్బందికి డిపోల వారీగా రక్తపరీక్షలు, ఈసీజీలు చేయించింది. మంచి పని. ఈసారి అలాంటి శిబిరం పెట్టినప్పుడు ఈ రెండు ప్రశ్నలు తప్పనిసరి చేయడానికి డబ్బు కూడా అక్కర్లేదు. ఒక్క షరతు, జవాబు డాక్టర్ దగ్గరే ఉండాలి, డిపో మేనేజర్ టేబుల్ మీదికి రాకూడదు. డబుల్ డ్యూటీల చార్టు అట్లాగే ఉంచి కౌన్సెలింగ్ ఒక్కటి ఇస్తే మాత్రం దండగ. బస్సులు, మనుషులు పెంచడం అసలు వైద్యం. గల్ఫ్‌కు పోయేవాళ్ల విషయంలో విమానం ఎక్కకముందు చేసే వైద్య పరీక్షలో ఊపిరితిత్తులు, రక్తం చూస్తారు. అప్పు ఎంత ఉంది, ఎన్నాళ్లలో తీరుతుంది, తీరకపోతే ఎవరికి ఫోన్ చేయాలి అని కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లు అక్కడ కావాలి.

వడ్ల దగ్గర పని ఇంకా సులువు. ఐకేపీ కొనుగోలు కేంద్రాలు నడిపేది మహిళా సంఘాలవాళ్లు. ఎవరి కుప్ప ఎన్నాళ్ల నుంచి ఉంది, ఎవరు రాత్రి ఇంటికి పోకుండా పరదా మీదే పడుకుంటున్నారు, ఎవరు రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదన్నది టోకెన్ రాసే ఆమెకు తెలుసు. తేమ చూసే మిషన్ పక్కన బీపీ మిషన్ ఒకటి పెట్టి, వారానికి రెండుసార్లు ఏఎన్ఎం అక్కడికే రావచ్చు. టోకెన్ ఇచ్చిన రోజే తూకం తేదీ కూడా రాసి ఇస్తే సగం గాబరా అక్కడే పోతుంది, దానికి ఏ మందూ అక్కర్లేదు. వచ్చే యాసంగికి ఏదో ఒక మండలంలో మొదలుపెట్టి చూడొచ్చు. లింగంపేట అయితే బాగుంటుంది.